మీదే ఊరు?
(నటి ఎలెన్ టెర్రీ జీవితం)

కొత్త బడిలో మొదటి రోజు మనకు ఎదురయ్యే మొదటి ప్రశ్న ఏది? పేరు అడిగాక, వెంటనే అడిగేది "మీదే ఊరు?" అనే. పక్క బెంచీ పిల్లవాడు అడుగుతాడు, టీచరు అడుగుతారు, క్వార్టర్సులో పక్కింటి అత్తయ్య అడుగుతుంది. మనలో చాలామందికి అక్కడే నోరు తడబడుతుంది. పుట్టింది అమ్మమ్మగారి ఊళ్లో. ఒకటో తరగతి ఒక రాష్ట్రంలో, నాలుగో తరగతి మరో రాష్ట్రంలో. నాన్నకో అమ్మకో బదిలీ ఉత్తర్వు వస్తే చాలు, సామానంతా అట్టపెట్టెల్లోకి ఎక్కుతుంది, టీసీ చేతికొస్తుంది, స్నేహితులు వెనకే ఉండిపోతారు. ఇంతకీ మనది ఏ ఊరని చెప్పాలి?

ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పలేని ఒక అమ్మాయి సుమారు 180 ఏళ్ల కిందట ఇంగ్లండులో పుట్టింది. ఆమె పేరు ఎలెన్ టెర్రీ. విక్టోరియా రాణి కాలంలో ఆంగ్ల నాటకరంగంలో అంతటి పేరు తెచ్చుకున్న నటీమణులు చాలా తక్కువ. ఈ పాఠంలో మనం ఆమె జీవితం తెలుసుకుందాం. ఊళ్లు మారుతూ పెరిగిన పిల్ల తన వెంట ఏం తీసుకువెళ్లగలిగింది, ఏం పోగొట్టుకుంది అన్నది గమనిస్తూ చదువుదాం.

పుట్టిన ఇల్లు ఏది?

ఎలెన్ తండ్రి బెంజమిన్ టెర్రీ, తల్లి సారా. ఇద్దరూ సముద్రతీరంలోని పోర్ట్స్‌మత్ వాళ్లే, ఇద్దరూ నటులే. ఆ రోజుల్లో అలాంటి నటులు ఒక ఊళ్లో కొన్ని వారాలు నాటకాలాడి, మూటాముల్లె సర్దుకుని ఇంకో ఊరికి వెళ్లిపోయేవారు. వెళ్లిన చోటల్లా అద్దె గదులే. మన తెలుగువాళ్లకు ఇది తెలియని బతుకు కాదు. 1885లో కడప ప్రాంతంలోని సురభి గ్రామంలో 'కీచకవధ'తో మొదలైన సురభి నాటక కుటుంబాలూ ఇలాగే ఊరూరా తిరిగాయి. వాళ్ల పిల్లలూ రంగస్థలం మీదే పెరిగారు.

1847 ఫిబ్రవరి 27న, టెర్రీ దంపతులు కావెంట్రీ అనే పట్టణంలో నాటకాలాడుతున్న రోజుల్లో ఎలెన్ పుట్టింది. అంటే ఆమె పుట్టిన ఊరిని ఎంచింది నాటకాల తేదీలే. ఆమె పేరు ఊరంతా మారుమోగిన తరువాత కావెంట్రీలో ఒక చిత్రం జరిగింది. మార్కెట్ వీధిలోని రెండు ఇళ్లు "ఆమె పుట్టింది ఇక్కడే" అని పోటీపడ్డాయి. ఆమె కూడా తన ఆత్మకథలో ఈ సంగతి సరదాగా చెప్పుకుంది.

ఇంకో తమాషా ఉంది. తాను 1848లో పుట్టానని ఎలెన్ జీవితమంతా అనుకుంది. అధికార పుస్తకంలో ఉన్నది 1847. అసలు పేరు ఆలిస్ ఎలెన్. టీసీలో పుట్టినతేదీ ఒక్క అంకె తప్పు పడితే మన ఇంట్లో ఎంత హడావుడి అవుతుందో తెలుసుగా! అక్కడ అలాంటి కాగితం చూసేవాళ్లు లేరు, ఎందుకంటే ఆమె ఏ బడిలోనూ చేరలేదు.

టెర్రీ దంపతులకు 11 మంది పిల్లలు పుట్టగా 9 మంది బతికారు. ఆడపిల్లల్లో పెద్దది కేట్. తల్లిదండ్రులూ అక్కా రాత్రి నాటకానికి వెళ్లేటప్పుడు పసి ఎలెన్‌ను అద్దె గదిలో ఒంటరిగా ఉంచి తాళం వేసి వెళ్లాల్సి వచ్చేది. గ్లాస్గో నగరంలోని ఒక మేడ పైగదిలో కిటికీ దగ్గరకు ఎక్కి, ఊరి ఆకాశంలోని ఎర్రని వెలుగును చూస్తూ కూర్చోవడం ఆమెకు గుర్తున్న మొదటి జ్ఞాపకాలలో ఒకటి. పనికి వెళ్లిన అమ్మానాన్నల కోసం కిటికీలోంచి చూడటం మనలో కొందరికి బాగా తెలిసిన విషయమే.

చదవడం ఆమెకు ఇంట్లోనే వచ్చింది. పలుకు స్పష్టంగా ఉండాలన్నది తండ్రి పట్టుదల. మాటను మింగేస్తే ఆయన ఊరుకునేవాడు కాదు.

వెల్లకిలా పడిన రాకుమారుడు

1856 ఏప్రిల్ 28. లండన్ నగరం, ఆక్స్‌ఫర్డ్ వీధిలోని ప్రిన్సెస్ థియేటర్. చార్లెస్ కీన్ అనే ప్రసిద్ధ నటుడు షేక్స్‌పియర్ నాటకం 'ది వింటర్స్ టేల్' ప్రదర్శిస్తున్నాడు. చూడటానికి విక్టోరియా రాణి, ఆమె భర్త ఆల్బర్ట్ వచ్చి కూర్చున్నారు. అందులో మామిలియస్ అనే చిన్న రాకుమారుడి వేషం 9 ఏళ్ల ఎలెన్‌ది. ఆమెకు లండన్‌లో అదే మొదటి పెద్ద వేషం.

కీన్ ప్రతి వస్తువూ చరిత్రకు సరిపోవాలని పట్టుబట్టే మనిషి. రాకుమారుడు లాక్కుంటూ తిరిగే బొమ్మబండిని కూడా బ్రిటిష్ మ్యూజియంలోని పాత గ్రీకు కుండల మీది బొమ్మ చూసి చేయించాడు. ఎలెన్‌కు ఆ బండి అంటే ఎంతో గర్వం. తీరా వేదిక మీదికి వచ్చాక, ఆ బండి పిడి కాళ్లకు అడ్డం పడి వెల్లకిలా పడింది. జనం నవ్వారు. తన నట జీవితం మొదలైన రోజే ముగిసిందని ఆ పిల్ల వెక్కివెక్కి ఏడ్చింది.

ముగిసిపోలేదు. ఆ నాటకం 102 రాత్రులు ఆడింది. ఆ నెలల్లో దాన్ని చూసినవారిలో ఒక యువ గణిత అధ్యాపకుడున్నాడు. చిన్న ఎలెన్ నటన తనకు నచ్చిందని డైరీలో రాసుకున్నాడు. తరువాతి కాలంలో ఆలిస్ అనే పాప అద్భుత లోకంలోకి వెళ్లే కథ రాసిన లూయిస్ కారల్ ఆయనే.

నలిగిన కాలివేలు

ఆ ఏడాదే కీన్ 'ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్' నాటకం వేశాడు. అందులో అల్లరి చేసే పక్ అనే వనదేవత వేషం ఎలెన్‌కు వచ్చింది. వేదిక నేలలో ఒక తలుపు ఉంటుంది. కింద ఉన్న పనివాళ్లు దాన్ని తెరిచి మూస్తుంటారు. నాటకం చివర పక్ ఆ తలుపులోంచి పైకి లేచి వచ్చి ప్రేక్షకులకు సెలవు చెప్పాలి.

ఒక రాత్రి ఎలెన్ పూర్తిగా పైకి రాకముందే తలుపు మూసుకుపోయింది. కాలివేలు నలిగి విరిగింది. పక్కనే వేషంలో ఉన్న అక్క కేట్ తలుపు తెరవమని సైగగా కాలితో నేలను తన్నింది. కిందివాళ్లకు అది అర్థం కాక తలుపును ఇంకా గట్టిగా బిగించారు. "అక్కా! అక్కా!" అంటూ ఎలెన్ కేకలు పెట్టింది. అప్పుడు శ్రీమతి కీన్ పరుగున వచ్చి తలుపు తెరిపించింది. నాటకం సరిగ్గా ముగిస్తే జీతం రెట్టింపు చేస్తానని పిల్లకు మాట ఇచ్చింది. ఏడుస్తూనే, అక్క ఆసరాతో నిలబడి, ఎలెన్ చివరి మాటలు చెప్పి తెర దించింది. వారానికి 15 షిల్లింగులున్న జీతం 30 అయింది. అప్పట్లో 20 షిల్లింగులు ఒక పౌను.

ఈ కథ చదివి "ఎంత ధైర్యం!" అనిపిస్తుంది. నిజమే. కానీ ఇంకో వైపు కూడా చూడాలి. కాలివేలు విరిగిన 9 ఏళ్ల పిల్లకు ముందు కావలసింది వైద్యుడు, జీతం కాదు. సాధనలు రోజంతా సాగేవి, ఒక్కోసారి తెల్లవారుజాము దాకా కూడా. ఆ కాలంలో పిల్లలు గనుల్లో, మిల్లుల్లో, వేదికల మీద పెద్దవాళ్లతో సమానంగా పని చేసేవారు. ఈ రోజు మన దేశంలో 14 ఏళ్ల లోపు పిల్లల చేత పని చేయించకూడదని చట్టం ఉంది, 6 నుంచి 14 ఏళ్ల వరకు చదువు హక్కుగా ఉంది. అవి ఎందుకు వచ్చాయో ఈ కాలివేలు మనకు చెబుతుంది.

ఐదు అచ్చులు

శ్రీమతి కీన్ పేరు కూడా ఎలెనే. ఆమె కఠినమైన గురువు. ఇంగ్లీషులోని ఐదు అచ్చులూ ఐదు వేర్వేరు ధ్వనులని, వాటిని కలగాపులగం చేయవద్దని ఆమె పదేపదే చెప్పేది. అప్పట్లో మైకులు లేవు. చివరి వరుసలో చవక టికెట్టు కొన్న మనిషికి కూడా మాట వినబడాలి. అరిస్తే గొంతు పోతుంది. అచ్చును స్పష్టంగా పలికితే మాట దానంతటదే దూరం వెళుతుంది.

మన భాషలో ఈ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. 'పలక' వేరు, 'పాలక' వేరు. 'కొడి' అన్నా 'కోడి' అన్నా ఒకటే అనుకుంటే వినేవాళ్లు తికమకపడతారు. రాష్ట్రాలు మారుతూ పెరిగి తెలుగును ఇంట్లో మాత్రమే మాట్లాడే మనకు హ్రస్వదీర్ఘాలు జారిపోతుంటాయి. శ్రీమతి కీన్ పాఠం మనకూ పనికొస్తుంది.

1858లో 'కింగ్ జాన్' నాటకంలో ఎలెన్‌కు ఆర్థర్ అనే బాలుడి వేషం వచ్చింది. ఇనుప చువ్వ కాల్చి కళ్లు పొడవడానికి వచ్చిన మనిషిని ఆ బాలుడు వేడుకోవాలి. సాధనలో ఎలెన్‌కు ఆ దుఃఖం పలకలేదు. శ్రీమతి కీన్ కోపంతో తిట్టింది, చెంప మీద కొట్టింది కూడా. అవమానంతో ఎలెన్ గొంతు పూడుకుపోయింది, కన్నీళ్ల మధ్యే మాటలు చెప్పింది. అప్పుడు ఆమె ఉత్సాహంగా, ఇప్పుడు నీ గొంతు ఎలా పలికిందో గుర్తుపెట్టుకుని రేపు అలాగే చెయ్యి అంది.

కొట్టడం మంచి పద్ధతి కాదు. ఈనాటి టీచర్లు అలా చేయకూడదు, చేయరు కూడా. అయితే ఎలెన్ అక్కడ పట్టుకున్న విషయం విలువైనది. మనకు కలిగిన బాధను మరిచిపోకుండా గమనించి దాచుకుంటే, అది తరువాత పనికొస్తుంది. ఆ రాత్రుల తరువాత అద్దం ముందు నిలబడి, నిశ్శబ్దంగా నిలబడటం, నడవటం, చేతులు కదపటం సాధన చేసేది. బడి లేని ఆమెకు అదే హోంవర్కు.

'సెలవులకు ఇంటికి'

1859లో కీన్ దంపతులు ప్రిన్సెస్ థియేటర్ వదిలేశారు. ఎలెన్‌కు చేతిలో పని పోయింది. అప్పుడు తండ్రి ఒక ఉపాయం ఆలోచించాడు. కూతుళ్లిద్దరితో చిన్న నాటికలు తయారుచేసి ఊరూరా తిప్పాడు. సుమారు రెండేళ్లు అదే బతుకు. ఆ నాటికల్లో ఒకదాని పేరుకు తెలుగులో 'సెలవులకు ఇంటికి' అని అర్థం. బడి లేదు కాబట్టి సెలవులు లేవు, స్థిరమైన ఇల్లూ లేదు. అలాంటి పిల్ల ఊరూరా తిరిగి 'సెలవులకు ఇంటికి' అనే నాటిక ఆడింది!

1862లో ఆమె బ్రిస్టల్ నగరపు నాటక సంస్థలో చేరింది. అక్కడ ఎడ్వర్డ్ గాడ్విన్ అనే భవన శిల్పి ఇంటికి నటులు వెళ్లి షేక్స్‌పియర్ చదువుకునేవారు. 1863లో బాత్ పట్టణంలో ఆమె టైటానియా రాణి వేషం కట్టినప్పుడు ఆ గౌను రూపం గాడ్విన్‌దే. బట్టను తడిపి, మెలిపెట్టి, కట్టి ఆరబెడితే సన్నని ముడతలు పడతాయని, అది తూర్పు దేశాల పద్ధతి అని ఆయన ఆమెకు నేర్పాడు. బాంధనీ చీర చూసినవారికి ఆ కట్టే పద్ధతి తెలిసే ఉంటుంది. రంగులు, బట్టలు, పాత ఇళ్ల అందం చూడటం ఆమెకు అక్కడే అలవాటైంది. కొత్త ఊరు ఆమెకు ఇచ్చిన చదువు అది.

ఆగిపోయిన ఏళ్లు

తరువాత కష్టకాలం వచ్చింది. 1864 ఫిబ్రవరిలో, 17 ఏళ్లు నిండడానికి వారం ముందు, ఆమెకు జార్జ్ ఫ్రెడెరిక్ వాట్స్ అనే పేరుపొందిన చిత్రకారుడితో పెళ్లి జరిగింది. ఆయనకు అప్పటికి 46 ఏళ్లు. ఆయన గీసిన ఎలెన్ చిత్రం ఇప్పటికీ లండన్‌లోని నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఉంది. చిత్రంలో ఆమె పూలను చూస్తూ ఉంటుంది. ఆ పెళ్లి మాత్రం ఏడాది కూడా నిలవలేదు. ఆమెను తిరిగి పుట్టింటికి పంపేశారు.

కొంతకాలం మళ్లీ నటించింది. 1868లో వేదిక వదిలి, గాడ్విన్‌తో పల్లెటూళ్లో కాపురం పెట్టింది. ఎడిత్, ఎడ్వర్డ్ అని ఇద్దరు పిల్లలు పుట్టారు. పాత వివాహం చట్టప్రకారం ఇంకా రద్దు కాలేదు కాబట్టి వాళ్లు పెళ్లి చేసుకోలేకపోయారు. ఆనాటి సమాజం ఆమెను తప్పుపట్టింది. నటి అంటేనే చిన్నచూపు ఉన్న రోజులవి. ఆరేళ్ల పాటు ఆమె వంట, తోట, కోళ్లు, పిల్లలతో గడిపింది. ఆ తరువాత అప్పులు ముంచుకొచ్చాయి.

1874లో ఒకరోజు పల్లె దారిలో ఆమె బండి చక్రం పాడై ఆగిపోయింది. గుర్రాల మీద వేటకు వెళుతున్నవాళ్లలో ఒకరు అటుగా వచ్చి ఆగారు. ఆయన చార్లెస్ రీడ్, పాత పరిచయమున్న రచయిత. మళ్లీ వేదిక మీదికి రమ్మని ఆయన అడిగాడు. వారానికి 40 పౌన్లు ఇస్తే వస్తానని ఆమె అంది. ఆయన సరేనన్నాడు. 27 ఏళ్ల వయసులో ఆమె తిరిగి నటించడం మొదలుపెట్టింది. మరుసటి ఏడు 'ది మర్చంట్ ఆఫ్ వెనిస్' నాటకంలో పోర్షియాగా నటించింది. న్యాయవాది వేషంలో కోర్టుకెక్కి దయ గురించి మాట్లాడే ఆ తెలివైన అమ్మాయి పాత్రతో లండన్ ఆమెను మళ్లీ గుర్తుపట్టింది.

లైసియం రోజులు

1878లో హెన్రీ ఇర్వింగ్ అనే నటుడు లండన్‌లోని లైసియం థియేటర్ పగ్గాలు చేపట్టి, ఎలెన్‌ను నాయిక పాత్రలకు తీసుకున్నాడు. ఆ జంట రెండు దశాబ్దాలకు పైగా కలిసి నటించింది. వాళ్ల నాటకాలు చూడటం లండన్‌కు ఒక అలవాటయింది. 'ది మర్చంట్ ఆఫ్ వెనిస్' 1879లో మొదలై 250 రాత్రులు ఆడింది. 1883 నుంచి ఆ బృందం ఓడలెక్కి అమెరికాకు పలుమార్లు వెళ్లి ఊరూరా ప్రదర్శించింది. ఒకప్పుడు 15 షిల్లింగుల పిల్ల వారానికి 200 పౌన్లు సంపాదించే నటి అయింది.

బయటికి వైభవంగా కనిపించినా లోపల ఆమెకు తన మీద నమ్మకం తక్కువే. 'హామ్లెట్' నాటకంలో మతి చలించే ఒఫీలియా పాత్ర కోసం మానసిక రోగుల ఆసుపత్రికి వెళ్లి అక్కడి మనుషులను గమనించింది. 1878 డిసెంబర్ 30న మొదటి ప్రదర్శన. తన సన్నివేశం అయిపోగానే, ఓడిపోయానని అనుకుని, నాటకం పూర్తికాకముందే థియేటర్ వదిలి, బండిలో థేమ్స్ నది ఒడ్డున అటూ ఇటూ తిరిగింది. మరునాడు తెలిసింది, ప్రేక్షకులు మెచ్చుకున్నారని.

అదే నాటకంలో తాను నల్లని గౌను వేసుకుంటానని ఆమె మొదట అంది. ఆ మాట విని ఇర్వింగ్ సలహాదారు ఒకాయన కంగారుపడ్డాడు. ఆ నాటకంలో నలుపు ధరించేది ఒక్క హామ్లెట్ మాత్రమే, అంటే ఇర్వింగ్ మాత్రమే అన్నాడు. ఎలెన్ ఇంకేమీ అనకుండా తెల్ల గౌను వేసుకుంది. లైసియంలో ఎవరి మాట చెల్లుతుందో ఈ చిన్న సంగతి చెబుతుంది.

జీరంగి రెక్కల గౌను

వానాకాలంలో తుమ్మచెట్ల మీద పచ్చగా, నీలంగా మెరిసే పురుగును మీలో కొందరు చూసే ఉంటారు. మన పల్లెల్లో దాన్ని జీరంగి అంటారు, బంగారు పురుగు అని కూడా అంటారు. పిల్లలు అగ్గిపెట్టెలో పెట్టి తుమ్మాకు మేపుతుంటారు. అలాంటి పురుగుల గట్టి పైరెక్కలను బట్ట మీద కుట్టే పనితనం మన దేశంలో చాలాకాలంగా ఉంది. అలా కుట్టిన బట్టలు భారతదేశం నుంచి ఇంగ్లండుకు వెళ్లి, విక్టోరియా కాలపు స్త్రీలకు ఎంతో నచ్చాయి.

1888 డిసెంబర్‌లో 'మాక్‌బెత్' నాటకంలో ఎలెన్ లేడీ మాక్‌బెత్‌గా కనిపించింది. ఆ గౌను రూపకల్పన ఆలిస్ కామిన్స్ కార్ అనే ఆమెది. ఆకుపచ్చ పట్టునూలుతో, నీలి జరీతో అల్లి, దాని మీద సుమారు 1,000 పురుగు రెక్కలు కుట్టారు. గ్యాసు దీపాల వెలుగులో ఆమె కదిలితే పాము పొలుసుల్లా మెరిసేది. జాన్ సింగర్ సార్జెంట్ అనే చిత్రకారుడు ఆ గౌనులో కిరీటం ఎత్తి పట్టుకున్న ఆమెను చిత్రించాడు. ఆ చిత్రం ఇప్పుడు లండన్‌లోని టేట్‌లో ఉంది. గౌను కూడా ఉంది. ఎంతో ఓపికగా మరమ్మతు చేసి 2011లో మళ్లీ ప్రదర్శనకు పెట్టారు.

గౌను కన్నా మనం గమనించవలసింది ఆమె తయారైన తీరు. నాటకం ప్రతిని ముందు పెట్టుకుని, అంచుల్లో పెన్నుతో తన ఆలోచనలు రాసుకుంటూ పోయేది. ఈ మాట ఎలా పలకాలి, ఇక్కడ ఎందుకు ఆగాలి, ఈమె నిజంగా రాక్షసా లేక భర్త మీద ప్రేమతో దారి తప్పిన మనిషా అని తనను తాను ప్రశ్నించుకునేది. అందరూ రాక్షసిగా చూపే పాత్రను ఆమె భార్యగా చూపింది. కొందరికి నచ్చలేదు, ఆమె మాత్రం తన ఆలోచన మార్చుకోలేదు. బడిలో ఒక్క రోజు కూర్చోని మనిషి పుస్తకాల అంచుల్లో తనకు తాను పాఠం చెప్పుకుంది.

దక్కని పాత్ర

షేక్స్‌పియర్ రాసిన 'యాజ్ యు లైక్ ఇట్' నాటకంలో రోజలిండ్ అనే అమ్మాయి ఉంది. ఇంటి నుంచి వెళ్లగొడితే, మగవేషం వేసుకుని అడవికి పోయి, అక్కడ కూడా నవ్వుతూ నవ్విస్తూ బతుకుతుంది. ఎలెన్ ఆ పాత్ర కోసమే పుట్టిందని చూసినవాళ్లంతా అనేవారు. ఆమెకూ ఎంతో కోరిక. కానీ ఆ నాటకంలో ఇర్వింగ్‌కు తగిన పాత్ర లేదు. లైసియంలో దాన్ని వేయనే లేదు. లండన్‌లో ఆమె రోజలిండ్ కాలేకపోయింది. ఆ బాధను ఆమె ఎప్పుడూ దాచుకోలేదు.

వయసు పెరిగింది, కంటిచూపు తగ్గింది, కొత్త మాటలు గుర్తుండటం కష్టమైంది. అప్పుడామె మరో దారి వెతుక్కుంది. 1910 నుంచి షేక్స్‌పియర్ నాటకాల్లోని స్త్రీల గురించి ఉపన్యాసాలు ఇస్తూ, మధ్యమధ్య వాళ్ల మాటలను నటించి చూపుతూ, ఇంగ్లండు, అమెరికా, ఆస్ట్రేలియా తిరిగింది. వేదిక మీద దక్కని రోజలిండ్‌ను ఈ ఉపన్యాసాల్లో పలికించింది. అరవై దాటాక కూడా పెట్టె సర్దుకుని ఊరూరా తిరగడమే! 1882లో జూలియట్‌గా నటించిన ఆమె, 1919లో అదే నాటకంలో జూలియట్‌ను పెంచిన దాదిగా నటించింది. 1925లో ఆమెకు 'డేమ్' బిరుదు ఇచ్చారు.

చివరికి ఒక ఇల్లు

1899లో, 52 ఏళ్ల వయసులో, ఎలెన్ కెంట్ ప్రాంతంలోని స్మాల్‌హైథ్‌లో ఒక ఇల్లు కొనుక్కుంది. కర్ర దూలాలతో కట్టిన పాతకాలపు పల్లె ఇల్లు అది. 1928 జూలై 21న అక్కడే కన్నుమూసింది. కూతురు ఎడిత్ ఆ ఇంటిని తల్లి జ్ఞాపకంగా కాపాడింది. 1939 నుంచి అది నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతిలో ఉంది. జీరంగి రెక్కల గౌను, అంచుల నిండా రాతలున్న పుస్తకాలు అక్కడే ఉన్నాయి. కొడుకు ఎడ్వర్డ్ గోర్డన్ క్రేగ్ ప్రపంచం మెచ్చిన రంగాలంకరణ నిపుణుడయ్యాడు.

ఎలెన్ కథ విని, బడి లేకపోయినా పరవాలేదని మనం అనుకోకూడదు. ఆ 9 మంది పిల్లలకు తోడుగా తల్లిదండ్రుల కళ ఉంది, అయినా ఎలెన్ పోగొట్టుకున్నవి తక్కువేమీ కాదు. తన వయసు పిల్లలతో ఆటలు, నిద్ర, నిశ్చింత, పుట్టిన ఏడు కూడా సరిగా తెలియని బాల్యం. ఊరు మారినా చదువు ఆగకూడదనే మన కేంద్రీయ పాఠశాలలు పుట్టాయి. ఏ రాష్ట్రానికి వెళ్లినా అవే పుస్తకాలు, అదే ప్రార్థన మనకు ఎదురొస్తాయి. ఎలెన్‌కు లేనిది, మనకు ఉన్నది అదే.

ఆమెకు ఉన్నది, మనమూ సంపాదించుకోగలిగింది ఇంకొకటుంది. గ్లాస్గో కిటికీ, శ్రీమతి కీన్ అచ్చులు, బ్రిస్టల్‌లో తడిపి కట్టిన బట్ట. ఏ ఊరు వదిలినా అక్కడ నేర్చుకున్నదాన్ని ఆమె వదల్లేదు. మనం కూడా ఒక ఊళ్లో పక్కింటివాళ్ల భాషలో నాలుగు మాటలు, ఇంకో ఊళ్లో ఒక వంట, మరో ఊళ్లో ఒక పాట నేర్చుకునే ఉంటాం. లారీలోకి ఎక్కించే సామానులో అవి కనబడవు.

ఈసారి కొత్త బడిలో "మీదే ఊరు?" అని అడిగితే తడబడనక్కరలేదు. పుట్టిన ఊరి పేరు చెప్పి, ఆ తరువాత పెరిగిన ఊళ్ల పేర్లూ వరుసగా చెబుదాం. వినేవాళ్లకు ఓపిక ఉంటే, ఒక్కో ఊళ్లో ఏం నేర్చుకున్నామో కూడా చెబుదాం.

ఆలోచించండి – చెప్పండి

1. ఎలెన్ పుట్టిన ఇంటి గురించి రెండు ఇళ్లు ఎందుకు పోటీపడ్డాయి? ఆమె పేరు లేని మనిషైతే ఆ పోటీ ఉండేదా?

2. కాలివేలు నలిగిన రాత్రి శ్రీమతి కీన్ చేసిన పని సరైనదేనా? మీరు ఆమె స్థానంలో ఉంటే ఏం చేసేవారు?

3. కోరుకున్న పాత్ర దక్కనప్పుడు ఎలెన్ ఏం చేసింది? మీకు దక్కని అవకాశం గురించి, ఆ తరువాత మీరు చేసిన పని గురించి ఐదు వాక్యాలు రాయండి.

4. మీరు ఇప్పటివరకు ఉన్న ఊళ్ల పేర్లు వరుసగా రాసి, ఒక్కొక్క ఊళ్లో నేర్చుకున్న ఒక్కొక్క విషయం పక్కన రాయండి. ఇంట్లో అమ్మానాన్నలకు చదివి వినిపించి, వాళ్ల పట్టిక కూడా అడిగి రాసుకోండి.